ఒకే గడ్డ - పలు రకాల కణాలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. డి.ఏ. సంగతి, మెడికల్ బిల్లుల సంగతి నాకు ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నన్ను ఆరోగ్యం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. ప్రభుత్వాసుపత్రి పెథాలజీ విభాగంలో 33 ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. అక్కడ రోజూ చేసిన పని గురించి, తర్వాత ఇంట్లో చేసిన ఒక పొరపాటు గురించి చెబుతాను.

మన దేశంలో ఆడవారికి వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరే ఎక్కువ. 2022లో సుమారు 1,92,000 మందికి కొత్తగా వచ్చిందని అంతర్జాతీయ అంచనా. మగవారికీ వస్తుంది గాని చాలా అరుదు.

ఆపరేషన్ చేసి తీసిన గడ్డ ఫార్మలిన్ డబ్బాలో మా దగ్గరికి వచ్చేది. డాక్టరు గారు దాన్ని కోసి, ముఖ్యమైన చోట్ల నుంచి చిన్న ముక్కలు తీసి ఇచ్చేవారు. వాటిని మైనంలో పోసి బిళ్లలు చేసేవాళ్లం. వాటినే బ్లాకులంటారు. మైక్రోటోమ్ మీద ఆ బ్లాకును 3, 4 మైక్రాన్ల మందాన కోయాలి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ పొర గోరువెచ్చని నీటిలో రిబ్బనులా తేలుతుంది. దాన్ని గాజు పలక మీదికి ఎత్తి రంగు వేస్తాం. అంటే, కోట్ల కణాలున్న గడ్డలో మైక్రోస్కోపు కింద కనిపించేది ఒక్క పొర మాత్రమే. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇప్పుడు రిపోర్టులో ఈ.ఆర్., పి.ఆర్., హెర్-2 అని మూడు మాటలు ఉంటాయి. మొదటి రెండూ హార్మోనును అందుకునే కణాలు ఎన్ని ఉన్నాయో చెబుతాయి. అటువంటి కణం నడిమి భాగం గోధుమ రంగు తిరుగుతుంది. హెర్-2 ఎక్కువగా ఉంటే కణం అంచు చుట్టూ గోధుమ రంగు గీత కడుతుంది. దానికి 0 నుంచి 3+ దాకా మార్కులు. 2+ వస్తే తేల్చడానికి ఫిష్ అనే పరీక్ష చేస్తారు. ఈ.ఆర్. విషయంలో నూటికి ఒక్క కణం రంగు తిరిగినా పాజిటివ్ కిందే లెక్క. రిపోర్టులో 60 శాతం పాజిటివ్ అని ఉంటే, మిగతా 40 శాతం కణాలు రంగు తిరగలేదని అర్థం. అదంతా ఒకే గడ్డలోనే.

ఇలా ఎందుకుంటుంది? కణం రెండుగా చీలినప్పుడల్లా తన జన్యువులకు నకలు రాసుకుంటుంది. ఆఫీసులో నకలు తీసిన కాగితంలో తప్పులు దొర్లినట్టే ఇక్కడా దొర్లుతాయి. క్యాన్సర్ కణంలో ఆ తప్పులు దిద్దే ఏర్పాటు సరిగా ఉండదు. ఒకే కణం నుంచి పుట్టిన సంతతి ఇలా మారుతూ శాఖలుగా విడిపోతుందని అమెరికా శాస్త్రవేత్త పీటర్ నోవెల్ 1976లోనే రాశారు. 2011లో నికోలస్ నావిన్, ఆయన సహచరులు ఒక రొమ్ము కణితి నుంచి 100 కణాలు విడివిడిగా తీసి జన్యువులు చదివితే, అందులో మూడు వేర్వేరు సంతతులు కనిపించాయి.

వ్యవసాయం తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. వరి చేలో ఊదకు మందు కొడితే ఊద చస్తుంది, తుంగ మిగులుతుంది. పోటీ లేదు కనుక నెల తిరిగేసరికి చేనంతా తుంగే. మందు పనిచేయలేదని కాదు, చేలో ఒకటే కలుపు ఉందనుకోవడం మన పొరపాటు. అందుకే డాక్టర్లు రెండు మూడు మందులు కలిపి ఇస్తారు. 1976లో ఇటలీలో బొనడొన్నా ప్రకటించిన సి.ఎం.ఎఫ్. వైద్యంలో మూడు మందులున్నాయి. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచి వచ్చిందే.

ఇక మా ఇంటి సంగతి. మా వదినకు 2012లో ఆపరేషన్ అయింది. రిపోర్టులో ఈ.ఆర్. పాజిటివ్, హెర్-2 1+, అంటే నెగటివ్. అయిదేళ్లు రోజూ మాత్ర వేసుకుంది, బాగుంది. 2018లో కాలేయంలో మచ్చలు కనిపించాయి. డాక్టరు గారు సూదితో ముక్క తీసి పరీక్ష చేయిద్దామన్నారు. అన్నయ్య ఫోన్ చేసి, "ఏరా, పాత రిపోర్టు ఉండగా మళ్లీ సూది ఎందుకురా?" అన్నారు. నేను, "అదే జబ్బు కదన్నయ్యా, వదినను కష్టపెట్టడమెందుకు?" అన్నాను. వదిన పక్కనుంచి, "ఈ ముక్కలు కోసిన చెయ్యి మా మరిదిది. అతని మాట కాక ఎవరి మాట వింటాం?" అంది.

సూది వద్దన్నారు. పాత రిపోర్టును బట్టే హార్మోను మందు మార్చి ఇచ్చారు. ఎనిమిది నెలలు గడిచినా మచ్చలు పెరుగుతూనే ఉన్నాయి. అప్పుడు సూది పరీక్ష చేయించాం. ఈ.ఆర్. లేదు, హెర్-2 3+. నేను నమ్మలేక 2012 నాటి బ్లాకులు తెప్పించి మళ్లీ పరీక్షకు ఇచ్చాను. మొత్తం మూడు బ్లాకులు. అప్పట్లో పరీక్ష చేసిన బ్లాకులో పాత ఫలితమే వచ్చింది. మరొక బ్లాకులో ఒక మూల, గోరంత మేర, గోధుమ రంగు గీతలు కట్టిన కణాల గుంపు ఉంది. అది ల్యాబ్ తప్పు కాదు. ఈ పరీక్ష సాధారణంగా ఒక బ్లాకు మీదే చేస్తారు. ఆ గోరంత గుంపే ఆరేళ్ల తర్వాత కాలేయానికి చేరిందని డాక్టరు గారి అభిప్రాయం.

హెర్-2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ ఇంజక్షన్లు మొదలుపెట్టాక మచ్చలు తగ్గాయి. వదిన మనవరాలి పెళ్లి చూసింది. 2022లో కాలం చేసింది. ఒక్కసారైనా నన్ను పల్లెత్తు మాట అనలేదు. కాని ఆ ఎనిమిది నెలలు నా లెక్కలోనే ఉన్నాయి. 33 ఏళ్లు ఆ పొరలు కోసినవాణ్ణి, ఒక పొర గడ్డంతటికీ సాక్ష్యం కాదని నాకే గుర్తు రాలేదు.

అందుచేత మీకు నా మనవి నాలుగు మాటలు. రిపోర్టులు పెన్షన్ పుస్తకంతో సమానంగా భద్రపరచండి. అందులో పాజిటివ్, నెగటివ్ ఒక్కటే కాక ఎంత శాతమో, ఎన్ని మార్కులో కూడా చూసుకోండి. బ్లాకులు ఏ ఆసుపత్రిలో ఉన్నాయో రాసి పెట్టుకోండి, మళ్లీ అవసరం పడవచ్చు. జబ్బు తిరగబెడితే, "మళ్లీ ముక్క తీసి పరీక్ష చేయవచ్చా?" అని డాక్టర్ను మీరే అడగండి. అన్నిసార్లూ వీలు కాకపోవచ్చు, అన్నిసార్లూ ఫలితం మారకపోవచ్చు, కాని అడగడం మానకండి. సూది పెడితే జబ్బు పాకుతుందనే భయంతో ఆలస్యం చేయకండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో తెలిసినవాడున్నాడని డాక్టరు మాట పక్కన పెట్టకండి. ఆ తెలిసినవాడు నావంటివాడు కావచ్చు.