వేషం కట్టాలి, తాడూ లాగాలి



కరువు సీమ అని మన రాయలసీమను చాలామంది జాలిగా చూస్తారు. ఆ సీమలోనే, కడప జిల్లా సురభి గ్రామంలో, 1885లో వనారస కుటుంబం ‘కీచకవధ’ ఆడింది. అంతవరకూ తోలుబొమ్మలాటతో బతికినవాళ్లు బొమ్మలు పక్కనపెట్టి తామే రంగమెక్కారు. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టే కాలంలో సురభి ఇంటి ఆడవాళ్లు ఆ పాత్రలు వేశారు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ నాటక కుటుంబంలో పెరిగినవారే.

సురభివాళ్ల ఖ్యాతి కన్నా వాళ్ల పనితీరు ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీకు ఎక్కువ అక్కరకొస్తుంది. వాళ్ల ‘మాయాబజార్’ నాటకంలో ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరి వెళ్తాయి. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు రాలుస్తాయి. ఇదంతా తాళ్లు, కప్పీలు, తీగలు, మనుషుల చేతులు చేసే పని. తాడు లాగేవాడు ఏమరితే దేవుడైనా గాలిలో వేలాడాల్సిందే! అక్కడ హరిశ్చంద్రుడి కొడుకు లోహితాస్యుడిగా రంగమెక్కిన పిల్లవాడు పెద్దయ్యాక రాజు వేషం కడతాడు, తెరలు కడతాడు, తన వంతు లేని రంగంలో తాడు లాగుతాడు.

సినిమా దెబ్బకు ఎన్నో నాటక సమాజాలు మూతపడ్డాయి. 1937లో మొదలైన సురభి శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి నిలబడింది. పని మొత్తం తెలిసినవాళ్లు ఇంట్లోనే ఉండటం అందుకొక కారణమని నా నమ్మకం. 1990లలో నాటక దర్శకుడు బి.వి. కారంత్ ‘భీష్మ’ నాటకం చేయించడానికి వస్తే, తరతరాల అనుభవం ఉన్న ఆ నటులు మళ్లీ శిష్యులయ్యారు. అప్పటి మండలి సారథి నాగేశ్వరరావు (బాబ్జీ) గారిని 2013లో పద్మశ్రీ వరించింది.

మీలో చాలామంది రేపోమాపో బెంగళూరు బస్సో హైదరాబాదు రైలో ఎక్కుతారు. నిశ్చింతగా వెళ్లండి. సురభివాళ్లూ ఊరు దాటారు, ఊరి పేరును మాత్రం తమ పేర్ల ముందు పెట్టుకున్నారు. కొలువులో మీకిచ్చిన పని శ్రద్ధగా చేయండి, పక్కవాళ్ల పనీ అడిగి నేర్చుకోండి. పేరొచ్చే పని దొరికిన రోజు ఎగిరిపడకండి, ఎవరూ చూడని పని మీద పడిన రోజు చిన్నబోకండి. కర్నూలుకో కడపకో నాటకం వస్తే టికెట్టు కొని, అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వెళ్లండి.

మీ చదువు మీకు అన్నం పెట్టాలి, పదిమందికి ఆసరా కావాలి. శుభం!