బృహస్పతి చెంత పయనీర్ 10

కాలిఫోర్నియాలోని శాంటా క్లారా అనగానే చిప్పుల పరిశ్రమ గుర్తుకు రావడం సహజమే గాని, ఆ ఊరికి కొద్ది మైళ్ల దూరంలో మోఫెట్ ఫీల్డ్‌లో ఉన్న నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం నడిపిన పయనీర్ 10 నౌక ద్వారానే మానవజాతి బృహస్పతిని తొలిసారి దగ్గరగా చూసిందన్నది తలచుకోదగిన విషయం.

1972 మార్చిలో బయలుదేరిన ఈ నౌక, కుజ బృహస్పతుల నడుమ శిలాఖండాలు తిరిగే గ్రహశకలాల మేఖలను మొట్టమొదటగా దాటి, కాలిఫోర్నియా కాలమానం ప్రకారం 1973 డిసెంబరు 3 సాయంత్రం బృహస్పతి మేఘాలకు సుమారు 1,32,000 కిలోమీటర్ల ఎత్తున సాగిపోయింది. కక్ష్యలో నిలవకుండా గ్రహం పక్కగా దూసుకుపోయే ఈ గమనాన్నే ఫ్లైబై అంటారు. 258 కిలోల ఆ నౌకలో మామూలు కెమెరా లేదు. నౌక తన చుట్టూ తాను తిరిగే ప్రతి చుట్టుకూ దానిలోని చిన్న దూరదర్శిని ఒక సన్నని చారను మాత్రమే చూసేది, ఆ చారలను భూమి మీద వరుసగా పేర్చి చిత్రాలను రూపొందించేవారు.

గణన చేసే భాగమంతా ఒకే చిప్పులో ఇమిడిన మైక్రోప్రాసెసర్, 1971 నవంబరులో ఇంటెల్ విడుదల చేసిన 4004, పయనీర్‌లో ప్రయాణించిందని చాలాకాలం చెప్పుకున్నారు. అది నిజం కాదు. ఆ చిప్పును పరిశీలించిన పయనీర్ బృందం, అది మరీ కొత్తదన్న కారణంతో పక్కన పెట్టింది. అంతటి ఆవిష్కరణ జరిగిన ప్రాంతానికి, దాన్ని అప్పటికి వద్దనుకున్న ఈ వివేకం కూడా అంతే గర్వకారణం. మైక్రోప్రాసెసర్ లేని ఆ నౌక తనలో దాచుకోగలిగిన ఆదేశాలు అతి స్వల్పం కనుక, సంకేతం ఒక వైపు చేరడానికే 46 నిమిషాలు పట్టే దూరానికి వేలాది ఆదేశాలను ముందే లెక్కగట్టి పంపవలసిన భారం భూమి మీది మనుషులపై పడింది.

బృహస్పతి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న వేగవంతమైన కణాల తాకిడి, అంటే వికిరణం, నౌకలో తప్పుడు ఆదేశాలను పుట్టించింది. వాటిలో చాలావాటిని సిద్ధంగా ఉంచుకున్న ఆదేశాలతో సరిదిద్దినా, బృహస్పతి ఉపగ్రహమైన అయో చిత్రం మాత్రం దక్కలేదు. అయినా నౌక అయో వెనుకకు వెళ్లినప్పుడు రేడియో సంకేతంలో వచ్చిన మార్పు, ఆ ఉపగ్రహానికి విద్యుదావేశం గల పలుచని వాయుపొర, అనగా అయనోమండలం ఉన్నదని వెల్లడించింది. బృహస్పతి వద్ద కొలిచిన వికిరణ తీవ్రతను బట్టి, ఆ తరువాత అక్కడికి వెళ్లిన వాయేజర్ నౌకలను మరింత దృఢంగా తీర్చిదిద్దారు. 1979 మార్చిలో వాయేజర్ 1 పంపిన అయో చిత్రాలలో నిప్పులు కక్కుతున్న అగ్నిపర్వతాలు కనిపించాయి.