తగ్గింపు ధర సైకిలు
మా వీధి షాపులో గ్రావెల్ బైకు అనే సైకిలు 40 శాతం తగ్గింపుకు పెట్టి, "ఈరోజే ఆఖరు" అన్నారు. తగ్గించినా నా నెల పెన్షనుకు మించిందే! మట్టిబాటకూ తారురోడ్డుకూ పనికొచ్చే లావు టైర్లు, వంపు హ్యాండిలు, డిస్కు బ్రేకులు. ముచ్చటేసింది, దాచడమెందుకు?

అయితే ఆ హ్యాండిలుకు నడుం బాగా వంచాలి. ఫ్రేమేమో పొడగరులది. ఇంకొకటి: మన పాత సైకిళ్ల 28 × 1½ టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు, దీనిది 622. అంటే పంక్చరు షాపులో వేలాడే ఆ టైరు దీనికి పట్టదు. మా ఆవిడైతే "కూరల సంచి ఎక్కడ తగిలిస్తారు?" అంది.

నా కొలత ఫ్రేము వస్తే కబురు చెయ్యమన్నాను. తొక్కి చూశాకే బేరం. డిస్కౌంటు లేకపోయినా ఫరవాలేదన్నాను.