భూప్రదక్షిణ చిత్రములోని సేవకుడు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



1956లో అమెరికాలో విడుదలయిన ‘ఎరౌండ్ ది వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్’ అను చలనచిత్రమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. మైకేల్ టాడ్ నిర్మించిన యీ చిత్రమునకు ఉత్తమ చిత్ర బహుమానముతో గూడ అయిదు ఆస్కారు బహుమతులు లభించినవి. ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 1872లో పత్రికలో ధారావాహికముగా ప్రకటించిన నవల దీనికి మూలము. కథ తమ రెరిగినదే. లండనునందలి ఫిలియస్ ఫాగ్ అను దొర, ఎనుబది దినములలో భూమిని చుట్టి వత్తునని ఇరువదివేల పౌనుల పందెము కాచి, పాస్‌పార్తూ అను సేవకుని వెంటబెట్టుకొని బయలుదేరును. తూర్పుగా పోవుటచే రేఖాంశమునకు నాలుగు నిమిషముల చొప్పున, అతనికి తెలియకయే ఒక దినము కలిసి వచ్చును.

దొరవేషము డేవిడ్ నివెన్‌ది. చక్కగనే యున్నది. కాని నా దృష్టి సేవకునిపై నిలిచినది. నవలలో వాడు ఫ్రెంచివాడు. చిత్రములో ఆ పాత్ర ధరించినవాడు మెక్సికో హాస్యనటుడు కాంతిన్‌ఫ్లాస్. అసలు పేరు మారియో మొరేనో.

స్వభాషలో నీతని హాస్యమంతయు మాటయందే కలదు. గంగాప్రవాహమువలె మాటలాడును, ఏమి చెప్పెనో యెవ్వరికిని బోధపడదు. పెద్దమనుష్యుల డాబు మాటలకు అది వెక్కిరింత. అట్లు మాటలాడుటకు స్పానిషులో నీతని పేరనే యొక క్రియాపదము పుట్టి నిఘంటువున కెక్కినది. అట్టివానిని ఇంగ్లీషులోనికి దెచ్చిరి. ఆ ప్రవాహమక్కడ ఇంకిపోయినది. ఇంట తెలుగును, వీధిలో కన్నడమో, అరవమో, ఒరియాయో మాటలాడు మనకు ఈ కష్టము క్రొత్తది గాదు. తాతగారి చమత్కారమును పొరుగువారికి వారి భాషలో చెప్పబూనిన, అర్థము మిగులును, నవ్వు మిగులదు.

మరి కాంతిన్‌ఫ్లాస్ ఏమి చేసెను? నవలలో బెలూను లేదు, స్పెయినును లేదు. రెండును చిత్రమున చేర్చినవే. స్పెయినులో సేవకుడు ఆబోతు నెదుర్కొను ఘట్టము కలదు. మెక్సికోలో ఆబోతుల బరిలో హాస్యవిన్యాసములకు ఈతడు పేరెన్నిక గన్నవాడు. అచట భాషతో పనిలేదు. హాస్యచిత్ర నటులలో ఉత్తమునిగా గోల్డెన్ గ్లోబ్ బహుమానము నతడే పొందెను. స్పానిషు దేశముల ప్రకటనలలో మొదటి పేరు అతనిదే, దొరది తరువాత!

మన దేశపు ఘట్టము మాత్రము నాకు రుచింపలేదు. వెర్న్ ఔదాను పార్సీ స్త్రీగా వర్ణించి, బుందేల్‌ఖండు రాజునకు భార్యను జేసి, సహగమనమునకు సిద్ధపరచెను. పార్సీలలో ఆ యాచారమెక్కడిది? చిత్రములో ఆ వేషము అమెరికా నటి షర్లీ మెక్లీన్‌ది. నవలలో మరియొక చిన్న ముచ్చట: ఫ్రెంచివారి చందన్‌నగర్‌ను రైలు చీకటిలో దాటిపోవును, పాస్‌పార్తూకు తన దేశపు జెండా కనబడదు. 1954 వరకు ఆ జెండా క్రిందనే యుండిన యానాము సోదరులకు ఈ మాట విందు.

1960లో ‘పెపె’ అను మరియొక ఇంగ్లీషు చిత్రమున కాంతిన్‌ఫ్లాస్ నాయకుడయ్యెను. దానికి ఆశించిన ఆదరణ లభింపలేదు. తరువాత రెండు దశాబ్దములు అతడు తన స్పానిషులోనే చిత్రములు చేసెను.