ఉప్పుగాలిలో ఉక్కు

లోహశాస్త్రాన్ని పుస్తకంలోంచి కాక తుప్పుపట్టిన ముక్కను చేతికిచ్చి నేర్పిన మాస్టారి స్మృతిలో మాట్లాడమన్నారు. అందుకే రాకెట్ కేంద్రాల తుప్పు చరిత్రను ఎంచుకున్నాను.

రాకెట్‌నుంచి రాలిపడే దశలు జనం మీద పడకూడదు. తూర్పుకు ఎగిరితే భూభ్రమణ వేగం కలిసొస్తుంది. అందుకే చాలా ప్రయోగవేదికలు తూర్పు తీరాలకు చేరాయి, వాటితోపాటు ఉప్పుగాలీ తప్పలేదు. గాలిలోని ఉప్పు లోహం మీద చేరి తేమను పట్టి ఉంచుతుంది, దానిలోని క్లోరైడు రక్షణ పొరను తొలుస్తుంది.

ఫ్లోరిడాలోని కెన్నెడీ అంతరిక్ష కేంద్రంలో 1966లో ఒడ్డునే పరీక్షాస్థలం పెట్టారు. రంగు వేసిన చిన్న ఉక్కు పలకలను 30 డిగ్రీల వాలులో, సముద్రం వైపు తిప్పి చట్రాలకు బిగించి వదిలేస్తారు. ఆ తర్వాత చేసేది ఎదురుచూడటమే. లాబొరేటరీలో ఉప్పునీళ్ళు చల్లి తుప్పును తొందరపెట్టవచ్చు గాని, అసలు తీర్పు తీరానిదేనని నా నమ్మకం.

1969లో మొదలైన పరీక్షల్లో జింకు పూతల సంగతి తేలింది. జింకు తాను ముందు కరిగిపోయి ఇనుమును కాపాడుతుంది. సిలికేటుతో కలిపిన జింకు ప్రైమర్లు అన్నిటికంటే బాగా నిలిచాయి. పైన మరో పూత వేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ కనిపించింది. దానితో సమస్య తీరిందనుకున్నారు.

1981లో స్పేస్ షటిల్ వచ్చింది. దాని పక్క బూస్టర్లలో ఘన ఇంధనం, అందులో అమ్మోనియం పెర్‌క్లోరేటు. అది మండితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది, ఒక్కో ప్రయోగానికి సుమారు 70 టన్నులు! ఆమ్లం ముందు జింకు ఎంతసేపు నిలుస్తుంది? నిన్నటిదాకా వద్దన్న పైపూతలే ఇప్పుడు తప్పనిసరయ్యాయి. పలకలకు ఉప్పుగాలితోపాటు ఆమ్లం కూడా తగిలేలా పరీక్షలు మళ్ళీ మొదలుపెట్టారు. తీరం మారలేదు, ఇంధనం మారింది, పాత ఫలితం చాలకపోయింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే. వేదికల మీది స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాలకూ గుంటలు పడ్డాయి. మాలిబ్డినం ఎక్కువున్న మిశ్రలోహాల కోసం వెతకాల్సి వచ్చింది.

తుప్పు వేదికతో ఆగదు. 2006 మార్చి 24న పసిఫిక్‌లోని ఒమెలెక్ దీవినుంచి తొలి ఫాల్కన్ 1 రాకెట్ లేచింది. ఇంధనం కారి మంట అంటుకుంది, అర నిమిషం దాటగానే ఇంజన్ ఆగి కూలింది. పనివాడి పొరపాటని మొదట అనుకున్నారు. విచారణలో మాత్రం ఉప్పుగాలికి పగిలిన చిన్న అల్యూమినియం నట్టు కారణమని తేలింది. ఆ తర్వాత ఆ నట్లను స్టెయిన్‌లెస్ స్టీలుతో చేశారు. నింద పడ్డ మనిషి తరఫున కూడా తుప్పును చదవాలి!

మన శ్రీహరికోటకు తూర్పున బంగాళాఖాతం, పడమరన పులికాట్ ఉప్పునీరు. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ ఘన ఇంధనమే, అంటే ఉప్పూ ఆమ్లమూ రెండూ అక్కడే ఉన్నాయి. మన తీరంలో వర్షం, ఎండ, గాలి ఫ్లోరిడావి కావు. అక్కడి ఫలితాలు అప్పు తెచ్చుకుంటే చాలవు. నెల్లూరు, మచిలీపట్నం, విశాఖ ఒడ్డుల్లో మన ఇంజనీరింగ్ కళాశాలలు పలకలు బిగించి, ఏటేటా ఫొటోలూ తూకాలూ అచ్చు వేయాలి. మాస్టారి పేరిట వచ్చే విరాళం మొదటి చట్రానికే వెళ్ళాలని నిర్వాహకులను కోరుతున్నాను.