ఏడుపూ పనీ, రెండూ కావాలి



ఇంటాయన పోయిన ఇంటికి పలకరింపుకు వెళ్లినవాళ్లు ఇంటావిడతో, "ఏడవకమ్మా, పిల్లల మొహం చూసి గుండె దిటవు చేసుకో" అంటారు. నెల తిరక్కుండా ఆవిడ టీవీ చూసి నవ్విందనుకోండి, "అప్పుడే మరిచిపోయింది" అని గుసగుసలు! ఏడ్చినా తప్పే, నవ్వినా తప్పే.

మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో దీనికి భిన్నమైన మాట చెప్పారు. దుఃఖంలో ఉన్న మనసు అటూ ఇటూ తిరుగుతుందట. కాసేపు పోయినవాళ్ల దగ్గర: ఫొటో, చొక్కా, ఆఖరి మాట. కాసేపు బతుకు దగ్గర: కరెంటు బిల్లు, పిల్లాడి ఫీజు, బ్యాంకు ఖాతాలో పేరు మార్పు. ఈ తిరుగుడు ఆగిపోకుండా ఉంటేనే మనసు కోలుకుంటుందట.

ఇలా చూస్తే మన మాసికాలూ సంవత్సరీకమూ తెలివైన ఏర్పాట్లే అనిపిస్తుంది. ఏడవడానికి ఒక రోజంటూ కేటాయించి, మిగతా రోజులు పనికి వదిలేస్తాయి. భర్త పోయిన ఆడమనిషిని నెలల తరబడి మూల కూర్చోబెట్టడం మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం. ఆవిడ మనసుకు ఒక దారి మూసేసినట్టే. ఈ ఆచారాన్ని వెనకేసుకురావడం నావల్ల కాదు.

దుఃఖానికి ఐదు మెట్లుంటాయని మీరు వినే ఉంటారు. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో వాటిని రాసింది చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి, వాళ్ల గురించి. కాబట్టి మీరు ఏ మెట్టు మీద ఉన్నారో లెక్కపెట్టుకోనక్కర్లేదు.

మరి కష్టం మనిషిని గట్టిపరుస్తుందా? 1990లలో రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హూన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు పెద్ద దెబ్బ తిన్నవాళ్లలో కొన్ని మార్పులు గమనించారు. తమ శక్తి తమకు తెలిసిరావడం, అయినవాళ్లతో దగ్గరితనం, బతుకు మీద కొత్త విలువ, కొత్త దారులు, కొందరిలో దైవచింతన. వాళ్లు ఆ దెబ్బను భూకంపంతో పోల్చారు. ఇల్లు కూలాక కొందరు మునుపటికన్నా గట్టిగా కట్టుకుంటారు. ఆ గట్టిదనం కట్టుకున్నవాళ్లది, భూకంపం ఇచ్చింది కాదు. పైగా నొప్పి పోయాకే ఎదుగుదల వస్తుందని లేదు, రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. అందరికీ రావాలనీ లేదు. ఇంకో సంగతి, ఈ అధ్యయనాల్లో చాలావరకు మనుషులు తమ గురించి తాము చెప్పుకున్నవే, కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి. కాబట్టి బిడ్డను పోగొట్టుకున్న తల్లితో, "ఇదీ నీ మంచికే" అనకండి. ఆమె ఆ బిడ్డ గురించి చెబితే వినండి. ఆఫీసులో పని ఉంటే తోడు వెళ్లండి.

ఆరు నెలలు దాటినా బెంగ కాస్తయినా సడలక, రోజువారీ పనులు సాగకపోతే మానసిక వైద్యుణ్ణి కలవండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు. 14416 టెలీ మానస్ అనే సహాయవాణి నంబరు. పగలైనా రాత్రయినా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.