చీనీయుల ఎత్తు: బీజము, క్షేత్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



క్రీస్తుశకము 7వ శతాబ్దమున బౌద్ధ ధర్మగ్రంథముల నన్వేషించుచు చీనా దేశమునుండి భరతఖండమునకు వచ్చిన హుయాన్‌త్సాంగ్ కృష్ణాతీరమందలి ధాన్యకటకమును దర్శించెను. ఆ యాత్రికుని పేరు తెలుగువారికి చిరపరిచితము. అతని దేశస్థులనగానే పొట్టివారను తలంపు పెక్కుమందికి కలదు. ఆ తలంపు నేటి లెక్కలకు నిలుచునా? నిలువకున్నచో మార్పునకు హేతువేమి? ఇదియే నేటి ప్రసంగ విషయము.

మొదట 'సగటు' అనుమాటకు అర్థమెరుగవలెను. ఒక గ్రామమున ఎకరమునకు సగటు దిగుబడి పది బస్తాలన్నచో ప్రతి చేనును పది బస్తాలే పండునని కాదు. ఒకటి పదునైదు పండవచ్చును, వేరొకటి ఐదే పండవచ్చును. మనుష్యుల ఎత్తు విషయమునను అంతియే.

చీనా ప్రభుత్వము 2020లో ప్రకటించిన నివేదిక ననుసరించి 18 మొదలు 44 ఏండ్ల వరకు గల పురుషుల సగటు ఎత్తు 169.7 సెంటీమీటర్లు, అనగా సుమారు 5 అడుగుల 7 అంగుళములు. స్త్రీలది 158 సెంటీమీటర్లు, అనగా 5 అడుగుల 2 అంగుళములు. అదే సంవత్సరమున వెలువడిన అంతర్జాతీయ పరిశోధన యొకటి 2019 నాటికి 19 ఏండ్ల యువకుల సగటు 175.7, యువతుల సగటు 163.5 సెంటీమీటర్లని తేల్చినది. ఈ రెండు లెక్కల పద్ధతులు వేరైనను, క్రొత్త తరము ముందు తరముకంటె పొడవైనదనుట స్పష్టము. 1985లో 200 దేశముల వరుసలో 150వ స్థానమున నున్న చీనా యువకులు 2019 నాటికి 65వ స్థానమున కెక్కిరి. ఆ 34 ఏండ్లలో వారి సగటు సుమారు 8 సెంటీమీటర్లు పెరిగినది.

పంటకు బీజము, క్షేత్రము రెండును వలయును. దేహమునకు బీజము తల్లిదండ్రుల వంశము. 1980లో షాంఘై నగరమున జన్మించిన యావో మింగ్ అను బాస్కెట్‌బాల్ క్రీడాకారుని ఎత్తు 229 సెంటీమీటర్లు. అతని తల్లియు తండ్రియు బాస్కెట్‌బాల్ ఆడినవారే. ఇది బీజబలము. కాని ఒక మహాజాతి బీజము 34 ఏండ్లలో మారునా? మారదు. కావున మారినది క్షేత్రమే.

ఆ క్షేత్రమెట్టిదో చెడిననాటి కథయే చెప్పును. 1959 మొదలు 1961 వరకు చీనాను ఘోరక్షామము పీడించెను. కోట్లకొలది జనులు మడిసిరి. బ్రతికిన పసివారి యెముకలలో ఆ కరవు వ్రాత నిలిచిపోయినది. క్షామమే రాకున్నచో 1959లో పుట్టినవారు పెద్దవారైన పిమ్మట సుమారు 3 సెంటీమీటర్లు అధికముగా పెరిగియుండెడివారని 2007లో ప్రకటితమైన పరిశోధన లెక్కకట్టినది. నేలపాలైన ఆ యంగుళము మరల రాలేదు.

క్షేత్రము బాగుపడిన విధము నరయుడు. 1978 పిమ్మట సేద్యము కుటుంబములకు అప్పగింపబడగా ధాన్యము పెరిగెను. క్రమముగా పాలు, గ్రుడ్లు, మాంసము, చేపలు సామాన్యుని కంచములోనికి వచ్చెను. శుభ్రమైన నీరు, టీకాలు వ్యాపించెను. మాటిమాటికి విరేచనములు, జ్వరములు తగులు బిడ్డకు తిన్న అన్నము రోగముతో పోరుటకే చాలును, పెరుగుటకు మిగులదు. 2011లో వెనుకబడిన పల్లెల పాఠశాలలలో విద్యార్థి యొక్కనికి దినమునకు 3 యువాన్ల భోజనవ్యయమును ప్రభుత్వము భరించుట కారంభించెను. ఆరేండ్లలోపు పల్లెబిడ్డలలో వయసునకు తగిన ఎత్తు లేనివారు 2015 నివేదికలో నూటికి 11.3 కాగా, 2020 నివేదికలో 5.8కి తగ్గిరి.

అయినను ఆ దేశమంతయు నొక్కతీరున లేదు. ఉత్తరమున షాన్‌డుంగ్ వాసులు పొడగరులు. దక్షిణమున గ్వాంగ్‌షీ, గ్వీజౌ వాసులు వారికంటె పొట్టివారు. ఇందు వంశము, ఆహారము, సంపద మూడును కలిసియున్నవి. మరియు తిండి పెరిగిన కొలది మేలే యనరాదు. యౌవనము ముగియుసరికి ఎముకల కొనలందలి మృదులాస్థి గట్టిపడును. అటుపిమ్మట భుజించినది ఎత్తు కాదు, నడుము చుట్టుకొలత యగును. 2020 నాటికి చీనాలో పెద్దవారిలో సగముకంటె ఎక్కువమంది అధికబరువు గలవారు. ఆ వయసున పొడవు పెంచెదమని అమ్ము లేహ్యములు, చూర్ణములు ధనవ్యయమునకే.

ఎత్తు గుణమునకు కొలత కాదు. వామనమూర్తి పొట్టివాడయ్యును మూడడుగుల నేల యడిగి ముల్లోకముల నాక్రమించెను. కాని పుట్టుకతో పొట్టియగుట వేరు, ఆకలిచేత పొట్టియగుట వేరు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో అయిదేండ్లలోపు బిడ్డలలో వయసునకు తగిన ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31, తెలంగాణలో నూటికి 33. చీనా చరిత్ర చెప్పు నీతి యొక్కటే: గర్భిణి కంచమునకు, బిడ్డ తొలి రెండేండ్లకు చేసిన వ్యయము పోదు, చేయని వ్యయము మరల వసూలు కాదు. గ్రంథాలయమున నిది చదివిన గృహస్థు ఇంటికేగి కోడలి విస్తరిలో నేమి వడ్డింపబడినదో చూచినచో, ఆ పఠనము సార్థకము.